ఫోన్‌లో చెవి

"అక్కా, నీ ఫోన్‌ల ఎవరో చెవి పెట్టి కూసున్నరు," అన్నాడు ఫోన్లు బాగుచేసే ప్రభుదాస్.

చంద్రి బల్ల మీదికి వంగి ఫోన్ వైపు చూసింది. మధ్యాహ్నానికే ఛార్జింగ్ దిగిపోతోందని తండా నుంచి ఆటో ఎక్కి పాలకుర్తి వచ్చింది. బ్యాటరీ పోయిందేమో అనుకుంది.

"వైరసా తమ్మీ?"

"వైరస్‌లల్ల శానా రకాలుంటయ్ అక్కా. ఒకటి ఉన్నయన్నీ ఖరాబ్ చేస్తది. ఒకటి తాళమేసి, పైసలిస్తెనే ఇడుస్తనంటది. గిది గట్ల కాదు. సప్పుడు చెయ్యది. నువ్వు ఫోన్ చెయ్యకున్నా, పక్కన మాట్లాడేదంత ఇంకో ఫోన్‌కు మోస్తది. చాడీలు చెప్పే ఆడిబిడ్డ లెక్క."

చంద్రి నవ్వలేదు.

"యాడోడు పెట్టిండు?"

"యాడోడో కాదు. ఫోన్ చేతిల పట్టుకుంటెనే ఎక్కుతది గిది. నీ ఇంటోళ్లే."

ఇంట్లో ఉన్నది ఇద్దరే. తానూ, మొగుడు గోప్యా.

కూతురు మౌనిక వేరే కులం పిల్లవాణ్ని చేసుకుని వెళ్లిపోయిన నాడే గోప్యా తేల్చేశాడు. దాని పేరు ఈ ఇంట్లో వినబడితే పురుగుల మందు తాగి చస్తానన్నాడు. రోజూ పెళ్లాం ఫోన్ లాక్కుని, ఎవరెవరు మాట్లాడారో చూస్తాడు. అది తెలిసే మౌనిక ఫోన్ చేయదు. పరువు ముందు పేగు ఏపాటి.

చంద్రి మాత్రం మాట్లాడుతుంది. ఫోన్ రొండిన దోపుకుని, చేలో పత్తి ఏరుతూ, బిడ్డ పక్క సాలులోనే ఉన్నట్టు ఒక్కతే మాట్లాడుతుంది. మేక ఈనిందని చెబుతుంది. తండాలో ఎవరు ఎవరితో కొట్లాడారో చెబుతుంది. మధ్యమధ్య ఏడుస్తుంది.

అదంతా గోప్యా వింటున్నాడన్నమాట. విని, ఏమీ ఎరగనట్టు అన్నం తింటున్నాడు.

"తీసెయ్ తమ్మీ."

"తీస్తె పెట్టినోళ్లకు ఎర్కయితది. జర సోంచాయించు."

"ఎర్కయితే ఏంది? తంతడు. తన్నులు నాకు కొత్తనా? నా బిడ్డతోని నేను మాట్లాడేది నా ముచ్చట. నాకు మిగిలింది గదొక్కటే. గది గూడ ఇంకొకలు ఇంటే ఇగ నాకేమున్నది?"

ప్రభుదాస్ ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. ఏదో నొక్కాడు, ఇంకేదో నొక్కాడు, ఫోన్ ఆపి మళ్లీ వెలిగించాడు.

"అయిపోయిందక్కా. ఇగ నీ మాట ఎవ్వలకూ ఇనబడది."

చాన్నాళ్లకు చంద్రి నిండా ఊపిరి పీల్చుకుంది. దుకాణం మెట్లు దిగుతూనే, "ఇగ మనిద్దరమేనే బిడ్డా," అంది.

ఇల్లు విడిచే ముందు అమ్మ ఫోన్‌లో ఆ చెవిని దాచిపెట్టి, ఇన్నాళ్లూ భూపాలపల్లిలో ఆ గొంతు వింటూ బతికిన మౌనికకు ఆ మాట వినబడలేదు.