కార్మెన్ కుర్చీ

“కంప్యూటర్‌కు గూడ బొట్టు పెట్టినవా?” అంది రుక్మిణమ్మ, చిక్కుడుకాయల చాట ఒళ్ళోకి లాక్కుంటూ.

కోడలు కవిత తలెత్తి చూసింది. కంప్యూటర్ తెర పైఅంచున, సరిగ్గా నడుమన, ఎర్రటి స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.

“దిష్టి తగలకుంట అత్తమ్మా.”

“పొద్దుగూకినంక షురువయ్యే కొలువు. దీనికి దిష్టి పెట్టేటోళ్లు గూడ ఉన్నరా?”

అమెరికాలో తెల్లవారితేగాని కవితకు పని మొదలవదు. అక్కడి ఒక వైద్య పత్రికకు డాక్టర్లు పంపే పరిశోధన వ్యాసాల తాలూకు ఉత్తరప్రత్యుత్తరాలన్నీ శంషాబాద్‌లోని ఓ ఆఫీసు చూస్తుంది. ఆ ఆఫీసు పనిని కవిత పక్క ఊరు సాతంరాయిలో, తమ ఇంటి ముందుగదిలో కూర్చుని చేస్తుంది. రుక్మిణమ్మ కూరగాయలు ముందేసుకుని కూర్చునేదీ అక్కడే. ఇంగ్లీషు రాకపోయినా ఆఫీసు ముచ్చట్లన్నీ ఆమెకు కావాలి. అందులోనూ, ఆ ఆఫీసులోనే పనిచేస్తుందని కవిత చెప్పే కార్మెన్ ముచ్చట్లు. రోజూ ఎంతోమంది డాక్టర్లు ఆ కార్మెన్‌కు ఉత్తరాలు రాస్తారని, ఆమె అందరికీ ఓపిగ్గా జవాబిస్తుందని విని, చూడకుండానే ఇష్టపడింది.

ఫోను మోగింది. అత్తతో పాటు చిక్కుడు ఈనెలు తీస్తున్న కవిత, చేతులు ఖాళీ లేక మోచేత్తో స్పీకర్ నొక్కింది. ఆఫీసులో ఆమె పైఅధికారి శివశంకర్.

“కవితా, కార్మెన్ ముచ్చట ఇంకా తేలకపాయె? ఏడు గంటలకు పత్రిక నడిపే అమెరికా డాక్టరమ్మ లైన్లకొస్తది. కార్మెన్ ఒప్పుకున్నట్టే మాట్లాడాలె. కెమెరా అంటే ఖరాబైందని చెప్పు.”

“మూడేండ్ల సంది ఖరాబే ఉన్నది సార్.”

“ఇంకో నాలుగొద్దులు ఉంటది, ఏమైతది? కార్మెన్‌కు మంచిగ చెప్పు. లొల్లి చేస్తే కొలువు ఉండది.”

ఫోను పెట్టేశాక రుక్మిణమ్మ ఆగలేకపోయింది. “ఏం ఒప్పుకోమంటుండ్రు ఆమెను?”

కవిత ఓ చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. “అమెరికాల స్పానిష్ మాట్లాడేటోళ్లు శానమంది ఉంటరత్తమ్మా. హిస్పానిక్‌లంటరు. రోగమొస్తే వాళ్లకూ వస్తది గని, వాళ్ల రోగాల మీద రాసేది తక్కువ. రాసినా అచ్చయ్యేది ఇంకా తక్కువ. ఏది అచ్చెయ్యాల్నో చెప్పేటోళ్లల్ల వాళ్ల మనిషి లేడు. ఇప్పుడు పత్రికోళ్లు ఒక కమిటీ పెట్టి, అండ్ల వాళ్ల మనిషికి ఒక కుర్చీ ఇస్తరట. మా ఆఫీసుల కార్మెన్ ఉన్నది గద అని ఆమెనే అడిగిండ్రు.”

“మరింకేంది? కూసోమను! మంచి పిల్ల.”

“టెక్సాస్‌ల ఇంకో డాక్టరమ్మ ఉన్నది, లూసియా అని. పొలాలల్ల పనిచేసేటోళ్ల కిడ్నీలు ఎందుకు పోతున్నయో ఏండ్ల సంది రాస్తనే ఉన్నది. కార్మెన్ కూసుంటే ఆమెకు కుర్చీ లేదు.”

“కార్మెన్ గూడ వాళ్లల్ల మనిషే గద?”

ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ చప్పుడు పోయేదాకా మాట ఆపడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

“కాదత్తమ్మా. పేరొక్కటే గట్లుంటది, గది గూడ ఆఫీసోళ్లు పెట్టిందే. పత్రికోళ్లకు తెల్వదు.”

రుక్మిణమ్మ చేతిలో ఈనె సగంలోనే ఆగిపోయింది.

“రోడ్డు తొవ్వ కోసమని పట్నంల మీటింగు పెట్టినప్పుడు గిట్లనే అయింది. మన ఊరి తరఫున అని ఎవన్నో ఇస్త్రీ అంగీ ఆయనను కూసోబెట్టిండ్రు. మన బాయి ఏడున్నదో ఆయనకు తెల్వదు. అన్నిటికి తలకాయ ఊపిండు. తొవ్వ మన శెల్క నడుమల నుంచి పోయింది. తొవ్వ ఏసినోళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు, కవితా. తలకాయ ఊపినోని మీద మాత్రం గింతగూడ తగ్గలే.”

కవిత ఒలిచిన ఈనెలను చాటలో ఓ పక్కకు నెట్టింది.

“కాదంటే కొలువు పోతది ఆమెకు.”

“పోతే పోనీ. ఇంకోటి దొరకదా?”

“ఇంట్ల ఏమనుకుంటరో. అత్త గూడ ఉన్నది.”

“ఏమనుకుంటది? ఏమన్న అంటే నాతోని మాట్లాడియ్యి, నేను చెప్త.”

“ఆ అత్తకు ఇంగ్లీషు రాదు.”

“నాకు మాత్రం వస్తదా? ఇద్దరికిద్దరం సరిపోతం,” అని రుక్మిణమ్మ పకపకా నవ్వింది.

కవిత కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. కొంగుతో తుడుచుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడయింది. తెర మీద గంట మోగుతోంది.

కవిత తెర అంచున ఉన్న బొట్టును గోటితో మెల్లగా పెకలించింది. బొట్టు కింద నల్లటి చిన్న కెమెరా కన్ను బయటపడింది. ఆ బొట్టు తన నుదుట అంటించుకుని మీట నొక్కింది.

తెల్లజుట్టు డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది. కవితను చూసి ఒక్క క్షణం తికమకపడింది. మర్యాదగా నవ్వి ఏదో అడిగింది. అందులో రుక్మిణమ్మకు తెలిసిన మాట ఒక్కటే, కార్మెన్.

“ఇంక రాలేదా ఆమె?” అంది రుక్మిణమ్మ చెవిలో చెప్పినట్టు. “ఎవరే కార్మెన్? నాకు గూడ చూపియ్యి.”

మరో విమానం ఇంటి మీదుగా వెళ్ళింది. కవిత ఆగింది. చప్పుడు పూర్తిగా పోనిచ్చింది.

“నేనే, అత్తమ్మా.”