ఉలి దిగిన చోటు

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి వడ్రంగి పనిబల్ల మీద టేకు చెక్కను చిత్రిక పడుతున్నాడు.

ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. కింది పెదవి చిట్లింది. మెడ మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి.

“వస్తున్నాడు,” అంది, అంతే.

ఆయన చిత్రిక పక్కన పెట్టాడు. మూలనున్న కొత్త బీరువా తలుపు తెరిచాడు. దానికింకా అరలు బిగించలేదు.

“లోపల కూర్చోమ్మా. ఏం వినిపించినా బయటికి రావద్దు.”

తలుపు మూసి మళ్లీ చిత్రిక అందుకున్నాడు. చిత్రిక జారింది. నున్నగా ఉన్న చెక్క మీద గాటు పడింది.

అతను కొట్టు తలుపు తన్నుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు తెగిపోయి ఉన్నాయి.

“ఏదీ అది?”

“ఇక్కడ లేదు. ఇంటికెళ్లి మొహం కడుక్కో.”

“నా పెళ్లాం, నా ఇష్టం. మధ్యలో నీకేంటి?”

“మనిషిని అలా కొడతారా ఎవరైనా?”

వడ్రంగి చెంప ఛెళ్లుమంది. కళ్లజోడు ఎగిరి చెక్కపొట్టులో పడింది. వెతుక్కోవడానికి వంగితే వీపు మీద తన్ను పడింది. అతను పెద్దాయన కుడిచేతిని బల్లకేసి అదిమిపట్టి, కొయ్య సుత్తి ఎత్తాడు.

“చెప్తావా, చెప్పవా?”

“లేదన్నానుగా.”

సుత్తి దిగింది. రెండు వేళ్లు పుల్లల్లా విరిగాయి. వడ్రంగి అరుపును గొంతులోనే నొక్కేశాడు. తను అరిస్తే ఆ పిల్ల బయటికి వచ్చేస్తుంది.

కానీ బీరువాలోంచి వెక్కిళ్లు వినిపించాయి.

అతను అటు తిరిగాడు. గోడకు చెక్క చెక్కే బాడిసలు రెండు వేలాడుతున్నాయి. రోజూ పనిచేసే పెద్దదాన్ని వదిలేసి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని చిన్నదాన్ని చూడకుండానే అందుకున్నాడు.

మొదటి వేటుకు బీరువా తలుపు నిలువునా చీలింది. రెండో వేటుకు చీలికలోంచి ఆమె జుట్టు కనిపించింది. అతను మళ్లీ చెయ్యెత్తాడు.

వడ్రంగి ఎడమచేత్తో ఉలి తీశాడు. ఉలి పట్టడం ఆ చేతికి అలవాటే. వెనకనుంచి వచ్చి అతని తొడలోకి బలంగా దించాడు.

అతను కూలబడ్డాడు. ఉలి పీకేసుకోబోతుంటే ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“పీకకు. పీకితే రక్తం ఆగదు.”

భుజం మీది తువ్వాలును ఎడమచేత్తో, పళ్లతో లాగి తొడకు బిగించాడు. తల నేలకు కొట్టుకోకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. అతను బూతులు తిడుతూనే ఉన్నాడు. ఆయన వింటూనే ఉన్నాడు.

పక్క కొట్టు టైలరు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. ఆమె బీరువాలోంచి బయటికొచ్చి పెద్దాయన భుజం పట్టుకుని నిలబడింది.

“పొడిచింది నేనే బాబూ,” అన్నాడు వడ్రంగి. “రాసుకోండి. వీడు ఈ పిల్లకు చేసింది కూడా రాయండి. ఒక్కటీ వదలొద్దు.”

ఎస్సై ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

“పిల్లనిచ్చేముందు నాలుగుచోట్ల విచారించుకోవద్దా పెద్దాయనా?”

“నేను పిల్లనిచ్చినవాణ్ణి కాదు బాబూ, తెచ్చుకున్నవాణ్ణి,” అన్నాడు వడ్రంగి, “వీడు నా కొడుకు.”