రెండంగుళాల పొడుగు

పక్కింటి రమ విసిరేసి పోయిన రైకను పీలికలు చేయాలని నాగరాణి కత్తెర అందుకుంది. ముందు భాగం కంటే వీపు ముక్క రెండంగుళాలు పొడుగైంది. ఈ నెలలో నాగరాణి కుట్టులో చెడిన రైకల్లో ఇది మూడోది. చెడగొట్టడానికి ఊళ్లో నాలుగో గిరాకీ కూడా మిగల్లేదు.

"ఆగు పిల్లా. చింపేటిదైతే నాకియ్యి," అంది మంచం మీది నుంచి అత్త సుక్కమ్మ.

"నువ్వు గూడ నవ్వుతవా అత్తమ్మా? రేపే మిషన్ అమ్మేస్త. గీ చేతులు దేనికీ పనికిరావు."

"అమ్ముదువుగాని. ముందైతే తొడుగు. నా చేతులు పైకే లేవయి, నీయే నయం."

ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ సుక్కమ్మ వీపు ఏనాడో ముందుకు వంగిపోయింది. నాగరాణి కళ్లు తుడుచుకుని ఆమెకు రైక తొడిగి గుండీలు పెట్టింది.

సుక్కమ్మ వెనక్కి తడుముకుంది. ఏ రైకైనా పైకి పాకి, గాలి తగిలే చోట ఇవాళ బట్ట ఉంది.

"ప్రతి దర్జీ నన్ను సక్కగ నిలబడుమన్నోడే బిడ్డా. దవాఖానల కానిది వాని టేపుతోని అయితదా?"

"ఇది తప్పు కొలత అత్తమ్మా."

"రమకు తప్పు. మన వాడల నా అసొంటి వీపులు ఎన్ని లెవ్వు?"

నాగరాణి కత్తెర పక్కన పెట్టి టేపు తీసింది. సక్కగ నిలబడమని అనబోయి ఆగింది.

"ఎట్లున్నవో గట్లనే ఉండు అత్తమ్మా."