సున్నం చుక్క

పాత బొమ్మల పటం అమ్మడానికి వచ్చి గేటు దగ్గర ఆటో దిగిన నర్సింలు, అప్పుడే వచ్చిన దీక్షిత చెవిలో ఏదో చెప్పడం గంగాకిషన్ వరండాలోంచి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. ఆమె లోపలికి నడిచింది.

గంగాకిషన్ మనసు కలుక్కుమంది. దేవయ్య చెప్పింది నిజమేనన్నమాట.

అంకాపూర్‌లో పసుపు, మొక్కజొన్న పండించి ఆర్మూర్‌లో ఇల్లు కట్టుకున్న గంగాకిషన్‌కు రెండేళ్లుగా పాత వస్తువుల పిచ్చి. ఇత్తడి దీపాలు, చెక్కిన తలుపులు, ఏది కనిపిస్తే అది కొన్నాడు. వాటిలో సగం నకిలీవని తేలాక భార్య భాగ్యలక్ష్మి ఇక ఆపమంది. ఆపడం తన వల్ల కాక, హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో పనిచేసి బయటికొచ్చిన దీక్షితను సలహాకు పెట్టుకున్నాడు. అమ్మేవాళ్ల దగ్గర తను ఏమీ తీసుకోనని ఆమె మొదటిరోజే చెప్పింది. ఆ మాట చెబితే మార్కెట్ యార్డు స్నేహితుడు దేవయ్య నవ్వాడు. సలహా చెప్పేవాళ్లూ అమ్మేవాళ్లూ లోపల ఒకటేనని, కాస్త కనిపెట్టుకొని ఉండమని హెచ్చరించాడు. అందుకే ఇవాళ పటం తెచ్చేదెవరో గంగాకిషన్ ఆమెకు ముందు చెప్పలేదు.

నర్సింలు హాల్లో చాపల మీద పటం పరిచాడు. రెండు మూరల వెడల్పుతో గోడ నుంచి గోడ దాకా బట్ట. దాని మీద వరుసగా రాజు, గుర్రాలు, పెళ్లి, యుద్ధం. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిప్పిన పటమని, నూటయాభై ఏళ్లదని చెప్పాడు. బట్ట అంతా పచ్చబడి ఉంది. గంగాకిషన్ కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఎప్పుడూ గొణిగే భాగ్యలక్ష్మి కూడా టీ గ్లాసులు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

దీక్షిత మోకాళ్ల మీద కూర్చుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎంతకూ లేవలేదు.

"బిడ్డా, జర నిమ్మళంగ చూడు," అన్నాడు నర్సింలు. "దీని కోసం నెల రోజులు తిరిగిన."

ఆమె తలెత్తలేదు. భాగ్యలక్ష్మిని అడిగి తమలపాకుల డబ్బాలోంచి ఇంత సున్నం తెప్పించుకుంది. నీళ్లలో కలిపి, బొమ్మ లేని మూల ఒక చుక్క పెట్టనా అని నర్సింలును అడిగింది. ఆయన తలూపాడు.

చూస్తుండగానే ఆ చుక్క పారాణిలా ఎర్రబడింది.

"పసుపు నీళ్లల్ల ముంచిన్రు," అంది దీక్షిత. "వయసుతోని వచ్చిన రంగు కాదిది. బట్ట గూడ మిల్లుది. గీసి యాడాది గూడ కాలె."

పుట్టింది మొదలు పసుపులో పెరిగిన గంగాకిషన్ ఆ ఎర్ర చుక్కను నోరు తెరుచుకొని చూశాడు. భాగ్యలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నర్సింలు నవ్వలేదు. తననూ ఎవరో మోసం చేశారని మెల్లగా అన్నాడు. పటం చుట్టుకొని, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

గంగాకిషన్ ఇక ఉండబట్టలేకపోయాడు. "గేటు కాడ గాయన నీకేం చెప్పిండమ్మా?"

"పటం మంచిదని చెప్పుమన్నడు."

"చెప్తే ఏమిస్త అన్నడు?"

"ఏం ఇస్త అనలే."

ఊరికే ఎవరు అడుగుతారని గంగాకిషన్ అనుకున్నాడు. అయినా ఆమె లొంగలేదు కదా. అనుమానించినందుకు సిగ్గనిపించింది. ఇకమీద ఆమెకు చూపించకుండా ఏదీ కొననన్నాడు. దీక్షిత రిపోర్టు రాసి చేతిలో పెట్టింది. పూర్తిగా చదివాక కూడా అదే మాట మీద ఉంటే ఫోన్ చేయమని చెప్పి బయల్దేరింది.

బట్ట, రంగులు, పసుపు, అన్నిటి గురించీ వివరంగా రాసింది. అట్టడుగున, అమ్మేవారితో సలహాదారుకు ఏమైనా సంబంధం ఉంటే తెలపాల్సిన గడి ఉంది.

అందులో రాసింది: "ఆయన కూతురిని."