బండ్లగడ్డ చాటింపు

రోజూలాగే ముత్యం పొద్దున్నే వచ్చి మున్సిపల్ ఆఫీసు వరండాలో కూచున్నాడు. నోటీసు బోర్డు మీద రంగురంగుల పటం ఒకటి కొత్తగా కనిపించింది. పక్కనే టైపు చేసిన ఇంగ్లీషు కాగితం.

“గిదేంది దశరథం?” అని అడిగాడు.

గుమస్తా దశరథం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఊరికి మాస్టర్ ప్లానట అన్న. ఎర్రరంగేసిన కాడ దుకాండ్లు. పసుపురంగేసిన కాడ ఇండ్లు. పచ్చరంగుల ఇండ్లు ఉండొద్దు. పార్కులే.”

ముత్యానికి చదువు రాదు. కానీ నీలిగీత నిజాంసాగర్ కాలువని పోల్చుకున్నాడు. ఆ గీత వెంబడి వేలు జరిపి, కాలువ మలుపు దగ్గర ఆగిపోయాడు. అక్కడంతా పచ్చరంగే.

“ఇది బండ్లగడ్డ గాదా?”

“అదే.”

బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు ఒకప్పుడు అక్కడ ఆగేవి. ఇప్పుడు రెండు వందల గుడిసెలున్నాయి. చెరుకు నరికేవాళ్లు, పసుపు ఉడకబెట్టేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు వాటిలో ఉంటారు.

“ఒద్దన్నోళ్లు అరవై దినాలల్ల కాయితం రాసియ్యాలె. నలభై దినాలు అయిపోయినయి,” అన్నాడు దశరథం.

“ఎన్నొచ్చినయి?”

“ఒక్కటి రాలె. బోర్డుకు అతికిచ్చినం గద, సాలన్నడు కమిషనర్ సారు.”

ఆ ఊరికి మున్సిపాలిటీ వచ్చిన నాటి నుంచి దండోరా ముత్యానిదే. అతని గొంతు తెలియని గల్లీ లేదు.

“కలరా సూదులేసుకోమని సాటిన. పిచ్చికుక్కలను పట్టుకపోతరని సాటిన. నల్లా రాదని సాటిన. ఇండ్లు పోతుంటే సాటొద్దా?”

“నాకేం తెల్వదన్న. నేనేం జూడలె,” అంటూ దశరథం తల ఫైల్లోకి దించుకున్నాడు.

“సూడకు. గా కాయితం మాత్రం సదివి జెప్పు.”

దశరథం మూడుసార్లు చదివి తెలుగులో చెప్పాడు. ముత్యం ప్రతి మాటా నోటికి పట్టించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఖాకీ అంగీ తొడుక్కుని, తలకు రుమాలు చుట్టి, డప్పును మంటకు కాచుకుని బయలుదేరాడు. పాత బస్టాండు, పసుపు కళ్లాలు, చెరుకు బండ్ల అడ్డా, ఒక్కటీ వదల్లేదు.

“వినుండ్రి. ఊరికి కొత్త పటం గీసిండ్రు. బండ్లగడ్డను పచ్చరంగుల కలిపిండ్రు. ఇల్లు పోతదనుకునేటోళ్లు ఇరవై దినాలల్ల మున్సిపాలిటీల కాయితం ఇయ్యాలె.”

బండ్లగడ్డలో పసుపు ఉడకబెట్టే సత్తవ్వ అతనికి అడ్డం వచ్చింది. “కాయితమిస్తే ఆగుతదా ముత్యమన్నా?”

“ఇయ్యకపోతే ఆగదు. గదొక్కటి తెలుసు నాకు.”

మూడోరోజు కమిషనర్ పిలిపించాడు. అతను ఆ ఊరికి వచ్చి ఆరు నెలలే. మనిషి ఎర్రగా మండిపోతున్నాడు.

“నిన్నెవరయ్యా చాటమన్నది?”

“ఊరి ముచ్చట ఊరికి జెప్పిన సారు.”

“నా ఆర్డరు లేకుండా డప్పు ముట్టుకుంటే సస్పెండ్ చేస్తాను.”

“చెయ్యుండ్రి సారు.”

“ఉద్యోగం పోతుందయ్యా. భయం లేదా?”

“ఇండ్లు పోయేటోళ్ల భయం ముంగట గిదెంత?”

తలుపు దగ్గర నిలబడ్డ దశరథం పెదవులు బిగబట్టి నేల చూశాడు. ముత్యం నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. గల్లీ మలుపు తిరగగానే మళ్లీ డప్పు అందుకున్నాడు.

ఇరవై రోజుల్లో నూట ఎనభై నాలుగు అర్జీలు వచ్చాయి. బడిపంతులు రాసిపెట్టాడు. కింద అన్నీ వేలిముద్రలే.

విచారణకు హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చాడు. బండ్లగడ్డ మొత్తం ఆఫీసు ముందు చేరింది. సత్తవ్వ పటం దగ్గరికి పోయి చెయ్యి ఆనించింది.

“ఈ పటంల మా ఇండ్లు లేవు సారు. ఇరవై ఏండ్ల సంది ఆడనే వండుకుంటున్నం, ఆడనే పిల్లలను కంటున్నం. మేము అబద్ధమా?”

అధికారి కమిషనర్ వైపు తిరిగాడు. “ఈ ప్లాను సంగతి ఊరంతటికీ తెలిసేలా ప్రకటించారా? లేకపోతే మొత్తం రద్దు చేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి ఉంటుంది.”

కమిషనర్ నుదురు చెమర్చింది. జనం వెనక గోడకానుకుని నిలబడ్డ ముత్యాన్ని చూశాడు.

“ప్రకటించాం సార్. మా మనిషితోనే దండోరా వేయించాం.”

“రాసివ్వండి.”

రాసి, సంతకం పెట్టాడు. సాయంత్రం అధికారి బండ్లగడ్డకు నడిచిపోయాడు. గుడిసె గుడిసె ముందూ ఆగాడు. తిరిగి వచ్చి పటంలో పచ్చరంగు కొట్టేసి, ‘ఇండ్లు’ అని రాశాడు.

జీపు వెళ్లిపోయాక కమిషనర్ ముత్యాన్ని గదిలోకి పిలిచాడు.

“పరువు కోసం సంతకం పెట్టాను. అంతమాత్రాన నిన్ను వదిలేస్తాననుకోకు. దశరథం, ఇతని సర్వీసు రిజిస్టరు తీసుకురా. ఇవాళే సస్పెన్షన్ రాస్తాను.”

దశరథం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముత్యం చేతులు కట్టుకోకుండా నిటారుగా నిలబడ్డాడు.

కమిషనర్ కలం మూత తీసి, చివరి పేజీ తిప్పి, అక్కడే ఆగిపోయాడు.

ముత్యం రిటైరై అప్పటికి పద్నాలుగు నెలలయింది.