తొర్రల చదువు

నేను గిజిగాణ్ణి. గడ్డిపరకలతో గూడు అల్లడమంటే మా జాతికి ప్రాణం. నాకూ ఇష్టమే, కానీ నేను అందరికన్నా తెలివైనవాణ్ణని నా నమ్మకం.

ఆ ఏడాది అడవి బడిలో తొర్రలు తొలిచే చదువుకు మహా గిరాకీ. తొర్రకు పది పురుగులు కూలి అని విని వెంటనే చేరిపోయాను.

"నీ ముక్కు ఎప్పుడైనా చూసుకున్నావా నాయనా?" అని వడ్రంగిపిట్ట మాస్టారు అడిగారు.

"కష్టపడితే అదే గట్టిపడుతుంది మాస్టారూ" అన్నాను.

మూడేళ్లు మానుకు ముక్కు కొట్టుకున్నాను. ముక్కు గట్టిపడలేదు గానీ తలనొప్పి పట్టుకుంది. చదువు ముగిసేసరికి నాలాంటి తెలివైనవాళ్లు ప్రతి కొమ్మ మీదా ఉన్నారు. మా కూలి ఒక్క పురుగుకు పడిపోయింది. ఆ పనంటే పడిచచ్చే వడ్రంగిపిట్టలకు మాత్రం అప్పుడూ పది పురుగులే ఇచ్చారు. నేను తొలిచిన తొర్రలో చీమ కూడా పట్టలేదు.

ఆకలికి ఆగలేక మా తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వాడు అల్లిక వదల్లేదు. వాడి గూళ్ల కోసం పిట్టలు వరసలో నిలబడి ఉన్నాయి.

"ఏదైనా పని ఇస్తావట్రా?"

"ముడి వెయ్యడం గుర్తుందా అన్నయ్యా?"

"లేదురా."

"అయితే మొదట్లో సగం కూలే ఇవ్వగలను. పరవాలేదా?"

సిగ్గుపడుతూ కూర్చున్నాను. మొదటి ముడి జారిపోయింది. రెండోదీ జారింది. మూడోది బిగిసినప్పుడు నాకు తెలియకుండానే కిచకిచలాడాను.

పొద్దు గూకిందని తమ్ముడు రెండుసార్లు పిలిచాడు.

"ఈ ఒక్క పరకా అయ్యాక వస్తాన్రా" అన్నాను.