వంగని ముక్క

ఆపరేషన్ థియేటరు తలుపు మీద ఎర్రదీపం వెలిగి రెండు గంటలైంది. భర్త కుర్చీలో కూర్చోలేదు. భార్య బ్యాగు, భార్య ఫోను తన చేతిలోనే పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆమెను ఇక్కడికి తీసుకురావడం ఇది రెండోసారి. ఏడాది కిందట, బాత్‌రూములో జారిపడిందని తెచ్చినప్పుడు, ఈ డాక్టరమ్మే ఆమె పక్కటెముక కొసనుండే మెత్తటి ఎముక తీసి, చెక్కి, ముక్కుకు దూలంలా నిలబెట్టింది. ఆర్నెల్లు తిరక్కుండా ముక్కు మళ్లీ వంకరపోయింది.

"మీ చేతిపని అలా ఏడ్చింది. నలుగురూ నన్నే వింతగా చూస్తున్నారు" అన్నాడు మొన్న, అందరి ముందూ.

డాక్టరమ్మ తల వంచుకుంది. స్కానులో ఆ ముక్క వంగి లేదు, రెండుగా విరిగి ఉంది. ఆ సంగతి ఆమె అతనితో అనలేదు.

ఇప్పుడు తలుపు ఓరగా తీసుకుని బయటికొచ్చింది. నుదుటి నిండా చెమట.

"అయిందా?"

"ముక్క చెక్కగానే పెట్టకూడదండీ. కాసేపు ఉప్పునీళ్లలో ఉంచాలి. వంగే గుణముంటే అక్కడే బయటపడుతుంది. వంగితే మళ్లీ చెక్కాలి."

"పోయినసారి ఇంతసేపు పట్టలేదే?"

"పోయినసారి తొందరపడి పంపించేశాను. తప్పు నాదే."

"ఒక్కసారి నా పెళ్లాన్ని చూడనివ్వండి."

"లోపలికి ఎవరూ రాకూడదు."

తలుపు మూసుకుంది. లోపల నర్సు గోడ గడియారం వంకే చూస్తోంది.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"ఇంకో అరగంట. గొంతు తగ్గించు."

ఇది బయటపడితే తన పట్టా పోతుందని డాక్టరమ్మకు తెలుసు.

అరగంట గడవకుండానే తలుపు మీద బాదుడు మొదలైంది.

"మేడమ్! నా పెళ్లాన్ని ఏం చేశారు? తియ్యండి తలుపు!"

గడియ ఊగింది. నర్సు గోడకు అతుక్కుపోయింది. బాదుడు ఆగలేదు. డాక్టరమ్మ ముఖానికున్న మాస్కు తీసేసి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, తనే గడియ తీసింది.

అతను ఆమెను తోసుకుంటూ లోపలికొచ్చి, బల్ల ముందు కొయ్యబారిపోయాడు.

మడత నలగని దుప్పటి పరిచి ఉన్న ఆ బల్లకు నూరు కిలోమీటర్ల అవతల, అతని భార్య, అతను రెండోసారి విరగ్గొట్టిన ముక్కుతోనే, బస్సు దిగుతోంది.